లిదియమ్మ కొరికిచ్చిన తాటాకు

కన్నతండ్రి గేటు ముందర నిలబడి అడుగుతుంటే, పిల్లను పంపించేది లేదని మొగం మీద చెప్పిన మనిషిని ఆదిశేషమ్మ తన జన్మలో ఒక్కసారే చూసింది. తొంభై మూడులో, దసరా సెలవులు ఇంకా పది రోజులున్నాయనగా, ఆత్మకూరు బస్టాండు వెనక వీధిలో, తన సొంత ఇంటి గేటు దగ్గరే చూసింది.

వచ్చిన తండ్రి అల్లాటప్పా మనిషి కాదు. దుత్తలూరు పక్క పల్లెలో పేరున్న రైతు శ్రీనివాసులు. ధాన్యం గుమ్మికి పంచె కట్టినట్టు ఉంటాడు. ఆయన గొంతెత్తితే వాళ్ళ ఊళ్ళో పంచాయతీ కూడా నోరు మూసుకుంటుందట. కూతురు మధులతను ఆ జూలైలోనే ఇంటర్లో చేర్చి, ఆదిశేషమ్మ ఇంటి వెనక మిద్దెలో లిదియమ్మ నడిపే ఆడపిల్లల రూముల్లో పెట్టాడు. తమ్ముడింట గృహప్రవేశమని, పిల్లను తీసుకుపోదామని జీపేసుకుని వచ్చాడు.

లిదియమ్మ గేటు గొళ్ళెం మీద చెయ్యేసి నిలబడింది. ఆమె తల ఆయన భుజానికి కూడా రాదు.

"ఆకు యాడ నాయనా?" అంది.

"ఏం ఆకు?"

"బిడ్డను చేర్చిన రోజు నీ చేతికిచ్చినానే, తాటాకు ముక్క."

"ఇంట్లో ఉండాదిలే. మధులతను పిలువు. పొద్దుపోతుండాది."

"ఇంట్లో ఉంటే ఇంటికి పొయ్యి తెచ్చుకో."

శ్రీనివాసులు ముందు నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి ఆయన మీసం బిగుసుకుంది. "ఏందమ్మే, నేనెవరో తెలవదా నీకు?"

"తెలవకేం. మధులత నాయనవి. మొగం తెచ్చినావు, ఆకు తేలా. రెండూ ఉంటేనే నా గేటు తెరుచుకునేది."

"నా బిడ్డను నేను తీసకపోయేదానికి నీ ఎంగిలాకు చూపించాల్నా?"

"చేర్చిన రోజు నువ్వేమన్నావు? ఎవరొచ్చి అడిగినా పంపబాకమ్మా అన్నావు. అన్నావా లేదా? ఎవరొచ్చినా అంటే నువ్వొచ్చినా అనే గదా. నువ్వొక్కడివే ఎవరూ కాకుండా పొయినావా?"

వీధి వీధంతా పోగైంది. శ్రీనివాసులు గేటును కాలితో తన్నాడు, జీపు హారను మోగించాడు, కూతురి పేరు పెట్టి బస్టాండు దాకా వినబడేట్టు కేకేశాడు. మధులత వెనక మిద్దె కిటికీలోంచి మొగం పెట్టి, ఏడుపు గొంతుతో, "నాయనా, ఊరికే అరవబాక నాయనా. పొయ్యి ఆకు తెచ్చుకో. అవ్వ వినదు," అంది. జనం గొల్లుమన్నారు. కన్నకూతురే అట్లా అన్నాక ఆయన మాత్రం ఏం చేస్తాడు? జీపు తిప్పుకుని పోయి, సాయంత్రం నాలుక్కి ఆకు పట్టుకుని వచ్చాడు. దాని నిండా పసుపు, నడుమ కుంకుమ బొట్టు. వాళ్ళ ఇంటామె దాన్ని దేవుడి పటాల దగ్గర పెట్టి రోజూ దండం పెట్టుకుంటోందట.

లిదియమ్మ తన దగ్గరున్న సగాన్ని ఆ సగానికి ఆనించి, ఎండకేసి పట్టి, ఒక కన్ను మూసి చూసింది. అప్పుడు గొళ్ళెం తీసింది. "ఇప్పుడు తీసకపో నాయనా. సోమారం పొద్దున్నే పంపించు, బిడ్డకు పరీక్ష ఉండాది."

శ్రీనివాసులు జీపెక్కుతూ పోగైన జనంతో అన్నాడు: "ఈమె దగ్గర బిడ్డను పెట్టినోడు తలుపులు బార్లా తీసి పడుకోవచ్చబ్బా."

లిదియమ్మ గెలిచిందని వీధంతా చెప్పుకున్నారు. ఆదిశేషమ్మ కూడా కాదనలేదు. గెలిచినంత మాత్రాన నమ్మాలని ఎక్కడ రాసిపెట్టుంది?

ఆదిశేషమ్మ ఎవర్నీ నమ్మే మనిషి కాదు. పాలవాడు వస్తే చెంబులో వేలు ముంచి చూస్తుంది. చింతపండు తూకం వేస్తే తక్కెడ తిరగేసి మళ్ళీ వేయిస్తుంది. మొగుడు పోయిన రోజు కూడా డాక్టరు మాట నమ్మక, ఆయన ముక్కు దగ్గర తనే దూది పెట్టి చూసింది. చదివింది రెండో క్లాసే అయినా, తనను మోసం చేసినవాడు నెల్లూరు జిల్లాలో ఇంకా పుట్టలేదని ఆమె గర్వం. ముందరి ఇంట్లో ఆమె, కొడుకు వెంకటరమణయ్య ఉంటారు. వెనక పొడుగు మిద్దె, నాలుగు గదులు, పందికొక్కుల పాలై పడి ఉండేది. దాన్ని తొంభై రెండులో లిదియమ్మకు అద్దెకిచ్చారు. వెనక మిద్దెకు పోవాలంటే ముందరి అరుగు దాటి పోవాల్సిందే. మిద్దె గుమ్మం దాకా కనబడే ఆ అరుగు మీద పొద్దున లేచింది మొదలు ఆదిశేషమ్మ ఉంటుంది. ఎవరు వచ్చారు, ఎవరు పోయారు, ఎవరి చేతిలో ఏముంది, అన్నీ ఆమె కళ్ళలోంచి పోవాల్సిందే.

లిదియమ్మ వచ్చిన మొదటి రోజే ఆమెకు అనుమానం పుట్టింది. ఎందుకంటే లిదియమ్మ తనను "అమ్మా" అనలేదు, "అక్కా" అంది. అద్దెకు వచ్చిన మనిషి, అందులోనూ ఉదయగిరి కొండ కింద, ఊరికి ఎడంగా ఉండే పాలెం నుంచి వచ్చిన మనిషి, ఇంటామెను అక్కా అనడమేంది? ఏదో గుట్టు లేనిదే అంత ధైర్యం రాదు.

రెండో అనుమానం ఆ తాటాకులు.

మట్టల ఆదివారం నాడు చర్చిలో పంచే తాటాకులను లిదియమ్మ ఒక మోపు తెచ్చి గుమ్మం ముందరి వసారా చూరులో దోపి పెట్టుకుంటుంది. జూన్, జూలైలో పిల్లలు చేరేటప్పుడు ఒక్కో పిల్లకు ఒక జానెడు ముక్క తీసి, నీళ్ళలో తడిపి, నడిమధ్య గట్టిగా కొరుకుతుంది. ఆమె ముందు పన్ను ఒకటి సగానికి విరిగి ఉంటుంది. ఆ గాటు ఇంకే నోటికీ రాదు. గాటు మీదుగా కత్తితో కోసి, ఒక సగం తల్లిదండ్రుల చేతికిస్తుంది, ఒక సగం పిల్ల పేరుతో బిస్కెట్ల డబ్బాలో వేసి తాళం పెడుతుంది. పిల్లను తీసుకుపోవాలంటే చేర్చిన రోజు తను చూసిన మనిషే రావాలి, ఆ మనిషి చేతిలో ఆ సగం ఉండాలి.

"ఏమే, అది మీ చర్చి మంత్రమా?" అని ఒకరోజు ఆదిశేషమ్మ అడిగింది.

"మంత్రమైతే నాకు తాళమెందుకక్కా?"

"మరి కత్తెరతో కోయొచ్చు గదా. ఆ ఎంగిలి దేనికి? పాపం, వాళ్ళు తీసకపొయి దేవుడి దగ్గర పెట్టుకుంటుండారు."

"ఏ కత్తెరైనా ఒకటే మాదిరి కోస్తాది. నా పన్ను మాదిరి పన్ను ఇంకెవరికుండాది?"

ఆ మాట నిజమే కాబట్టి ఆదిశేషమ్మకు ఇంకా ఒళ్ళు మండింది.

ఆకు కథ మొత్తం ఆమెకు తెలిసింది ఆ తర్వాత ఏడాదికి, మిరపకాయలు ఎండబోసుకుంటూ ఇద్దరూ పెరట్లో కూర్చున్నప్పుడు. లిదియమ్మ కథ చెప్పినట్టు చెప్పలేదు. మిరపకాయల తొడిమలు తుంచుతూ చెప్పింది.

చిన్నప్పుడు లిదియమ్మ, ఆమె చెల్లెలు సుకుమారి ఒక బోర్డింగులో ఉండి చదువుకున్నారు. అక్కకు పదకొండు, చెల్లెలికి ఏడు. ఒకరోజు మధ్యాహ్నం సైకిలు మీద ఒక మనిషి వచ్చి, మీ నాయన పంపించినాడు, మీ అమ్మకు బాగలేదు, చిన్నబిడ్డను చూడాలంటుండాది అన్నాడు. బోర్డింగు చూసే ఆమె మంచిది. మంచిది గనకే లిదియమ్మను పిలిచి, ఈయన నీకు తెలుసా అని అడిగింది. ఆ మనిషి భుజం మీద ఎర్రగళ్ళ తుండుగుడ్డ ఉంది. నాయనదే అనుకుంది. అంచు దగ్గర బీడీ కాలిన బొక్క కూడా ఉంది. తెలుసమ్మా, మా ఊరాయనే అని లిదియమ్మ చెప్పింది. సుకుమారి ఆ సైకిలెక్కి పోయింది.

"తుండుగుడ్డ తెలుసు. మనిషి తెలవదు," అంది లిదియమ్మ. "బీడీ తాగే ప్రతివాడి తుండుగుడ్డకూ బొక్క ఉంటుందని అప్పుడు నాకేం తెలుసక్కా? ఆ సైకిలు యాడికి పొయిందో ఇప్పటికీ తెలవదు. మా అమ్మకు జొరం కూడా లేదు ఆ రోజు."

ఆదిశేషమ్మ మిరపకాయల కుప్ప తన వైపు లాక్కుంది. "ఆ కాయలు తడిగా ఉండాయి, ఆ పక్కన ఎయ్యి," అంది.

లిదియమ్మ మొగుడు ఓబయ్య సోమశిల డ్యాము పనుల్లో మేస్త్రీ. అక్కడ కూలీలకు ఆమె మెస్సు నడిపింది. ముందు పన్ను విరిగింది అక్కడే, బియ్యంలో రాయి తగిలి. ఓబయ్య పాము కరిచి పోయాక ఆత్మకూరు చేరింది. ఉదయగిరి వైపు నుంచి ఇంటర్ చదవడానికి వచ్చిన తన వాళ్ళ పిల్లలు ఇద్దరిని తన గుడిసెలో పెట్టుకుంది. ఇద్దరు నలుగురయ్యారు, నలుగురు ఎనిమిదిమంది అయ్యారు. గుడిసె చాలక ఈ మిద్దెకు వచ్చింది. బోర్డు లేదు, పేరు లేదు. లిదియమ్మ రూములు అంటే రిక్షావాళ్ళకు కూడా తెలుసు. పిల్లలు ఇంటి నుంచి బియ్యం తెచ్చుకుంటారు, ఆమె వండి పెడుతుంది. వర్షానికి గొడుగు లేని పిల్లకు తన గొడుగు ఇస్తుంది, కాలేజీ ఎగ్గొట్టిన పిల్లను పొయ్యి ముందర కూర్చోబెట్టి ఉల్లిగడ్డలు తరిగిస్తుంది. ఒకటో తేదీకి పద్దెనిమిదిమంది తండ్రులు అరుగు దాటి పోతారు. వాళ్ళలో పాలెం వాళ్ళూ ఉంటారు, పది ఎకరాల మాగాణి వాళ్ళూ ఉంటారు. అందరి చేతిలోనూ అదే కొరికిన ఆకు.

ఇంతా విని, ఇంతా చూసి కూడా ఆదిశేషమ్మ ఆమెను నమ్మింది అనుకుంటే పొరపాటే. కథ ఎంత బాగుంటే అంత జాగ్రత్తగా ఉండాలని ఆమె లెక్క.

తొంభై నాలుగు దసరా తర్వాత వెంకటరమణయ్య ఒక మాట మొదలుపెట్టాడు. మెయిన్ రోడ్డులో ఆయనకు ఎరువుల అంగడి ఉంది. సరుకు పెట్టుకోవడానికి చోటు చాలడం లేదు.

"అమ్మా, వెనక మిద్దె ఖాళీ చేయిద్దాం. గోడౌను చేసుకుంటా. ఉగాదికి నాకు కావాల."

"పద్దెనిమిది మంది ఆడబిడ్డలను పరీక్షల ముందర యాడకు తోలతావురా?"

"ఏదో ఒక కారణం చూడు. నీకు మనిషిలో తప్పు దొరకడమంత తేలికైంది ఇంకోటి లేదు గదా. ఒక్క పిల్ల ఎవుడితోనన్నా పొయిందంటే మన ఇంటి పేరు ఏమైతాది? ఆ ఒక్క మాట చాలు."

కొడుకు అన్నందుకు కాదు గానీ, ఆ రోజు నుంచి ఆదిశేషమ్మ కళ్ళు ఇంకా చురుగ్గా పనిచేశాయి. ఒక్క తప్పు. ఒక్కటి దొరికితే, ఉగాది లోపల ఖాళీ చెయ్యమని నోరారా చెప్పొచ్చు. దొరకకపోతే కొడుక్కి మొగం ఎట్లా చూపించేది?

వెతికేవాళ్ళకు దొరక్కుండా పోతుందా? కుప్పలు కుప్పలు దొరికాయి.

లిదియమ్మకు పొగరెక్కింది. ఇదివరకు అరుగు ముందు పోతూ "తిన్నావా అక్కా" అని పలకరించేది. ఇప్పుడు ఎదురుగా కూర్చున్నా పలకరించకుండా, తల ఎత్తుకుని పోతోంది. ఆదిశేషమ్మ కావాలని ఒకసారి దగ్గింది. అప్పుడు మాత్రం ఉలిక్కిపడి, "ఓ, ఉండావా అక్కా" అంది. ఉండక యాడికి పోతా, నా ఇంటి అరుగు ఇది!

పిల్లలకు వచ్చే ఉత్తరాలు ముందు తనే చదివి ఇచ్చేది. ఇప్పుడు షైనీ అనే పిల్లను లోపలికి పిలిచి, తలుపు దగ్గరికేసి, ఆ పిల్ల చేత చదివించుకుంటోంది. షైనీది ఉదయగిరి, డిగ్రీ రెండో సంవత్సరం, లిదియమ్మ చుట్టాల పిల్ల. ఏం ఉత్తరాలు అవి, తలుపేసుకుని చదువుకునేటట్టు?

బిస్కెట్ల డబ్బా తాళంచెవి లిదియమ్మ మొలలోంచి షైనీ మెడలోకి మారింది.

కూరగాయల బండి దగ్గర వంకాయలు ఒకటొకటి తిప్పి చూసి, పుచ్చు ఉంటే బండివాడి మొగాన కొట్టే మనిషి, ఇప్పుడు వాసన చూసి తట్టలో వేసుకుంటోంది. వంకాయకు వాసనేంది?

నెలకో శనివారం మొదటి బస్సుకు షైనీని వెంటబెట్టుకుని నెల్లూరు పోతోంది. ఎందుకని అడిగితే, "పనుండాదక్కా" అంటుంది. ఏం పనో చెప్పదు.

ఇవన్నీ ఒక ఎత్తు. ఆకు చూసే తీరు ఇంకో ఎత్తు. ఇదివరకు రెండు సగాలు ఎండకు పట్టి చూసేది. ఇప్పుడు రెండూ ఆనించి, ఆ అతుకును నోట్లో పెట్టుకుని, విరిగిన పంటితో తడిమి, అప్పుడు తల ఊపుతోంది. వచ్చిన తండ్రులు ముక్కున వేలేసుకుంటున్నారు. ఒకాయన ఆదిశేషమ్మతో, "ఏందమ్మా, ఆమె ఆకు తింటుండాది?" అని కూడా అన్నాడు. మంత్రం కాదంది గదా, మరి ఇదేంది అనుకుంది ఆదిశేషమ్మ. ఇన్ని పెట్టుకుని మనిషి దాచేది చిన్న విషయం అయి ఉండదు. డబ్బు తీసుకుని ఎవరినో పంపిస్తుందా? షైనీకి ఎవడితోనో పెళ్ళి కుదురుస్తోందా? నెల్లూరులో వేరే ఇల్లు చూసుకుని, అద్దె ఎగ్గొట్టి పోతుందా? ఏది చూసినా సగం సరిపోతుంది, సగం సరిపోదు.

తొంభై అయిదు ఫిబ్రవరి. పరీక్షలు ఇంకా నెల ఉన్నాయి. పిల్లలంతా ప్రాక్టికల్స్‌కు కాలేజీకి పోయారు, షైనీ కూడా. పడిశం పట్టి మధులత ఒక్కతే రూములో పడుకుని ఉంది. పదకొండు గంటలప్పుడు ఆదిశేషమ్మ అరుగు మీద కూర్చుని కర్రతో చింతపండు కొడుతూ గింజలు తీస్తోంది.

బక్కపలుచటి మనిషి ఒకడు, చంకలో గొడుగు పెట్టుకుని, అరుగు దాటిపోయాడు. వీధి మలుపులో కారు ఒకటి ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. ఆదిశేషమ్మ రెండూ చూసింది. కర్ర ఆపింది.

"లిదియమ్మా, మధులతను పంపించు. వాళ్ళవ్వకు బాగలేదు," అన్నాడు ఆ మనిషి, ఆకు చాచి.

లిదియమ్మ అందుకుంది. షైనీ లేదు గనక లోపలికి పోయి, డబ్బా తాళం చప్పుడుతో విరగ్గొట్టి, చాలాసేపటికి ఒక పిడికెడు సగాలు తెచ్చుకుని గుమ్మంలో కూర్చుంది. ఒకటి ఆనిస్తుంది, నోట్లో పెడుతుంది, కాదంటుంది. ఇంకోటి. ఇంకోటి. ఐదోదానికి తల ఊపింది. ఆకు సరైనదే. పసుపు కూడా ఆదిశేషమ్మకు అరుగు మీదికి కనబడుతోంది.

లిదియమ్మ తల ఎత్తి, నవ్వు మొగంతో అంది: "కూర్చో శ్రీనివాసులు నాయనా. గొంతు అట్టా మారిపొయిందేంది, నీకూ పడిశమా?"

ఆ బక్క మనిషి ఒక్క క్షణం నోరు తెరిచి నిలబడ్డాడు. తర్వాత దగ్గాడు. "ఆ... పడిశమే," అన్నాడు.

ఆదిశేషమ్మ చేతిలో చింతపండు ముద్ద అట్లాగే ఉండిపోయింది.

ధాన్యం గుమ్మి లాంటి శ్రీనివాసులు ఎక్కడ, ఈ గొడుగు ఊచ లాంటివాడెక్కడ! నాలుగు అడుగుల దూరంలో నిలబెట్టుకుని, నాయనా అంటోంది. వంకాయలకు వాసన చూడటం, షైనీ చేత ఉత్తరాలు, అరుగు ముందు పొగరు, నెల్లూరు బస్సు, పంటితో ఆకు తడమటం. ఇన్ని నెలలుగా సగం సగం ఉన్నవన్నీ ఒక్కసారి అతుక్కున్నాయి. ఈమెకు కళ్ళు లేవు.

దానితో పాటే ఇంకోటి కూడా తోచింది. తను వెతుకుతున్న ఒక్క తప్పు ఇదే. నోరు మూసుకుని చింతపండు కొట్టుకుంటే చాలు. పిల్ల కారెక్కుతుంది, సాయంత్రానికి శ్రీనివాసులు జీపు వస్తుంది, రేపటికి రూములు ఉండవు. ఉగాదికి గోడౌను. తను ఎవరికీ ఏమీ చేయనక్కర్లేదు, ఊరికే కూర్చుంటే చాలు. ఆ ఊరికే కూర్చోవడం ఎంత తేలికో ఆమెకు వెన్నులో తెలిసింది. ఎర్రగళ్ళ తుండుగుడ్డ గుర్తొచ్చింది.

చింతపండు కర్ర పట్టుకుని లేచింది.

"ఒరే అబ్బాయా, ఇట్టా తిరుగు!"

బక్క మనిషి తిరిగాడు.

"శ్రీనివాసులు ఎప్పుడు ఇంత చిక్కిపొయినాడురా? సగం మనిషిని యాడ పారేసుకున్నాడు?"

"నువ్వెవరు మధ్యలో?"

"ఇంటిదాన్ని. నువ్వు నిలబడిన బండ నాది. చెప్పు, నీ పేరేంది?"

"శ్రీ..."

"ఆ పేరు పలికితే ఈ కర్ర నీ నోట్లో పెడతా. నీ పేరేంది?"

లిదియమ్మ గుమ్మంలో బిగుసుకుపోయింది. ఆమె కళ్ళు ఇద్దరికీ మధ్య ఖాళీని చూస్తున్నాయి. గోలకు మధులత దుప్పటి కప్పుకుని బయటికి వచ్చింది. మనిషిని చూసి ఆగిపోయింది.

"తిరుపాలు మామా! నువ్వెందుకొచ్చినావు?"

ఆ పిల్ల మేనమామ. తన కొడుక్కి మేనరికం చేసుకోవాలని రెండేళ్ళుగా పట్టుపట్టి ఉన్నాడు. శ్రీనివాసులు, పిల్ల చదువు అయ్యేదాకా మాట ఎత్తబాకన్నాడు. దాంతో తిరుపాలు తన చెల్లెల్ని, అంటే మధులత తల్లిని, ఏడిపించి, దేవుడి పటాల దగ్గరున్న ఆకు ఇప్పించుకుని వచ్చాడు.

"తాంబూలాలేనమ్మా," అన్నాడు తిరుపాలు, దొరికిపోయాక గొంతు మెత్తబడి. "సాయంత్రానికి మళ్ళీ తెచ్చి దింపుతా. మీ అమ్మకు తెలుసు. అడుగు."

"మా నాయనకు తెలుసా?"

తిరుపాలు గొడుగు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు.

అప్పుడు లిదియమ్మకు మాట వచ్చింది. మొగం ఆ గొంతు వైపు తిప్పి, "ఆకు తెచ్చినావు, మొగం తేలా," అంది. "పో. ఆకు నా దగ్గర ఉంటాది. శ్రీనివాసులు వస్తే ఇస్తా."

"ఇందాక నువ్వే గదా కూర్చోమన్నావు!"

"ఇందాక నాకు కనపడలా. ఇప్పుడు కనపడతుండాది. పో."

తిరుపాలు ఆదిశేషమ్మ చేతిలో కర్ర చూశాడు, మలుపు వైపు చూశాడు, పోయాడు. మధులతను లోపలికి పోయి పడుకోమని చెప్పి, ఆదిశేషమ్మ వచ్చి గుమ్మంలో, లిదియమ్మ పక్కన కూర్చుంది. అద్దెకిచ్చిన ఇంటి గుమ్మంలో ఆమె కూర్చోవడం అదే మొదలు.

"నీకు కళ్ళు కనపడవు," అంది.

"కనపడవక్కా."

"ఎన్నాళ్ళబట్టి?"

"దసరాకు ఒకటి పొయింది. క్రిస్మస్ నుంచి రెండోది కూడా మంచు పట్టినట్టుండాది. పొర వచ్చిందంట. నెల్లూరులో డాక్టరు, కాయ పండినట్టు పండాల, అప్పుడు కోస్తానన్నాడు. ఇప్పుడు పండిందంట."

"నా ఇంట్లో ఉంటా నాకు చెప్పలేదేమే?"

"చెప్తే ఏం చేసుండేదానివి?"

ఆదిశేషమ్మ అబద్ధం ఆడే మనిషి కాదు. "ఖాళీ చేయించుండేదాన్ని."

"అందుకే చెప్పలా."

లిదియమ్మ ఒళ్ళో సగాలు చెల్లాచెదురుగా ఉన్నాయి. ఆమె వాటిని ఒకటొకటి తడిమి దొంతర పెడుతోంది.

"పంటితో ఆకు పట్టుకోగలను," అంది. "మొగం పంటితో పట్టుకోలేను గదా. ఇయ్యాల నువ్వు లేకపోతే మళ్ళీ ఒక సైకిలు పొయ్యుండేది నా చేతి మీదుగా."

"మా వాడు ఉగాదికి మిద్దె కావాలంటుండాడు."

"తెలుసు. నీ కొడుకు మాట్లాడితే గోడ అవతలికి వినపడతాది. నువ్వు నాలో తప్పు వెతుకుతుండావని కూడా తెలుసు." లిదియమ్మ దొంతర పక్కన పెట్టింది. "దొరికింది గదా. నీ ఇష్టం. చెప్పాలంటే చెప్పు. కాని బుధవారం నెల్లూరులో నాకు కోస్తారు. నలభై రోజులు పొగ తగలకూడదు, వంగకూడదంట. ఆ నలభై రోజుల్లోనే పరీక్షలు. పొయ్యి దగ్గరికి మనిషిని పెట్టుకున్నా. గేటు దగ్గరికి పెట్టేదానికి మనిషి దొరకలా. మా చర్చిలో అందరూ మంచోళ్ళే. అందరూ నమ్ముతారు. తుండుగుడ్డ చూసి నమ్మేస్తారు. ఆత్మకూరులో ఎవర్నీ నమ్మనిది నువ్వొక్కదానివే అక్కా. ఈ డబ్బా నువ్వు పెట్టుకో."

"నేనా? నీ ఎంగిలాకులు నేను తాకాల్నా?"

"కర్రతో తాకు."

ఆదిశేషమ్మకు నవ్వు వచ్చింది. మింగేసింది. "తల్లిదండ్రులకు చెప్పాల గదా. కళ్ళు లేకుండా నాలుగు నెలలు వాళ్ళ బిడ్డలను చూసినావని."

"చెప్పు. ఒకటో తేదీకి వస్తారు, నీ నోటితోనే చెప్పు. దాచినానని చెప్పు. పొయ్యేవాళ్ళు పోతారు. పద్దెనిమిది మొగాలు నీకు తెలుసు, వాళ్ళ మామల మొగాలు కూడా నీకు తెలుసు. ఇంకేం కావాల వాళ్ళకు?"

లిదియమ్మ తడుముకుంటూ లేచి, చూరులోంచి ఎండుటాకు ఒకటి లాగింది. కుండ దగ్గర నీళ్ళు చిలకరించి తడిపింది. నడిమధ్య విరిగిన పంటితో గట్టిగా కొరికింది. వేలు గాటు మీద పెట్టుకుని, కత్తితో మెల్లగా, ఎప్పుడూ కోసే తీరునే రెండుగా కోసింది. ఒక సగం కొంగున ముడేసుకుని, రెండో సగం ఆదిశేషమ్మ వైపు చాచింది. చెయ్యి కొంచెం పక్కకు పోయింది. ఆదిశేషమ్మ జరిగి అందుకుంది. ఆకు ఇంకా తడిగా ఉంది.

"ఇది ఎవరికే? కొత్త పిల్ల ఎవరన్నా వచ్చిందా?"

"నాకే," అంది లిదియమ్మ. "నలభై రోజులకు నేను నల్లద్దాలు పెట్టుకుని ఆ గేటు దగ్గరికి వస్తా. మొగం తెలిసిందే గదా, లిదియమ్మే గదా అని రానీయబాక. ఈ సగం అడుగు. ఎండకు పట్టి, అతుకు చూడు. నేను నెల్లూరులో మర్చిపొయి వచ్చినాననుకో, ఎంత బతిమలాడినా సరే, గొళ్ళెం మాత్రం తియ్యబాక. అదే బస్సుకు తిప్పి పంపించు అక్కా."